వేగువాడు కట్టిన వంతెన

యమగళం అనే ఆ లోయ అడుగును చూసినవాడు లేడు. ఎవడైనా చూసి ఉన్నా, చెప్పడానికి పైకి రాలేదు. తూర్పు అంచున అరుణావతీ రాజ్యపు చిట్టచివరి కొండ. పడమటి అంచున మాంత్రికుడు కంకాళభట్టు ఏలే గృధ్రకోట. నడుమ నల్లని శూన్యం. ఉదయభానుని కిరణాలు కోట బురుజుల మీది కంచు గద్దల కళ్ళలో పొదిగిన కెంపులను రగిలించి, నాపరాతి ప్రాకారాలకు పసిడిపూత పూసి, మెట్టు మెట్టుగా దిగి, లోయ అంచుదాకా వచ్చి అక్కడ ఆగిపోయేవి. అంతకన్నా కిందికి దిగే ధైర్యం వెలుగుకే చాలలేదు.

అటువంటి లోయ మీదుగా, ఒంటితాటికి వేలాడే వెదురుగంపలో కూర్చుని ఛాయాంకుడు కోటవైపు సాగుతున్నాడు. ఒళ్ళో నారతాళ్ళ చుట్ట, నడుముకు కొయ్యసుత్తి, నెత్తిన వంతెనపనివాళ్ళు చుట్టుకునే పసుపుపచ్చ తలగుడ్డ. చూసినవాళ్ళెవరైనా పొట్టకూటికి బయల్దేరిన పనివాడే అనుకుంటారు. నిజానికి అతను అరుణావతి వేగుల కొలువులో అందెవేసిన చేయి. ఛాయాంకుడన్నది కూడా తల్లి పెట్టిన పేరు కాదు, కొలువు పెట్టింది.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. వేగుగా చేరేవాడు తన అసలు పేరును గురువు చెవిలో చెప్పి, ఆపైన దాన్ని తానే మరిచిపోవాలి. గురువు దాన్ని కడుపులో దాచుకుంటాడు. ఎప్పుడైనా ఆయన పరాయివాళ్ళు వినేలా శిష్యుణ్ణి ఆ పేరుతో పిలిచాడంటే, ఆ క్షణంతో వాడి వేగుతనం తీరిపోయినట్టే. పేరు బయటపడ్డ వేగు ఎవరికి పనికొస్తాడు? వాడు ఆపైన సేద్యం చేసుకున్నా, సన్యాసం పుచ్చుకున్నా అడిగే నాథుడు లేడు. గురువు పిలవనంతకాలం మాత్రం సాక్షాత్తూ రాజు కూడా విడిపించలేడు.

ఛాయాంకుడి గురువు శరభాచార్యులు, వేగుల పెద్ద. కంకాళభట్టు గుట్టుమట్లు తెలుసుకొస్తానని గృధ్రకోటకు వెళ్ళినవాడు ఏళ్ళు గడిచినా తిరిగి రాలేదు. చివరికి రాజు కీర్తిధరుడు ఛాయాంకుణ్ణి పిలిపించాడు.

"మీ ఆచార్యులు ఉన్నాడో లేడో తేల్చుకుని రా. లేడని తేలితే ఆ పీఠం నీదే!" అన్నాడు.

రాజు వరమిస్తున్నాననుకున్నాడు. ఛాయాంకుడికి మాత్రం గుండెల్లో రాయి పడింది. ఆచార్యులు లేకపోతే తన పేరు తెలిసినవాడు ఈ లోకంలోనే లేడు. చచ్చేదాకా వేగుగానే బతకాలి. అతనికేమో ఆ పని చేయబుద్ధి కావడం లేదు!

అందుకు కారణం కోయిలవాగు. నిరుడు ఒక రాజద్రోహిని పట్టుకోవడానికి అతను ఆ వాగు ఒడ్డున వంతెనపనివాళ్ళ గుడిసెల్లో కూలివాడి వేషంలో చేరాడు. అక్కడ పెద్దమేస్త్రి గంగసాని అనే ముసలమ్మ. మాట కరుకు, చేయి చురుకు. నార ఎలా పేనాలో, తాటికి చెవి ఆనించి దాని మీద నడిచేది మనిషో ఎద్దో ఎలా పోల్చుకోవాలో అతనికి తిట్టి తిట్టి నేర్పింది. ద్రోహి దొరికాడు. పని ముగిసింది. వేషం విప్పి వెళ్ళిపోవాల్సినవాడు వంతెన పూర్తయ్యేదాకా అక్కడే ఉండిపోయాడు. అంతకుముందు వైద్యుడయ్యాడు, జంగమయ్యాడు, గుర్రాల బేరగాడయ్యాడు. పని కాగానే ఆ వేషాలన్నీ విప్పి మూల పడేశాడు. ఇది మాత్రం విప్పబుద్ధి కాలేదు.

వంతెనపనివాళ్ళకూ ఒక ఆచారం ఉంది. కొత్త వంతెన మీద తొలి బరువు దాటేటప్పుడు, కట్టినవాడు నట్టనడుమ కూర్చోవాలి. తెగితే వాడూ పోవాలి. కోయిలవాగు మీద ఒక నిండుచూలాలు పుట్టింటికి దాటుతుంటే గంగసాని ఛాయాంకుణ్ణి నడుమ కూర్చోబెట్టింది. ఆ పిల్ల భయం భయంగా అతని పక్కనుంచి నడిచి, అవతలి ఒడ్డు చేరి, వెనక్కి తిరిగి నవ్వింది. రాజు మెడలో వేసిన ముత్యాలహారం కూడా అతనికి అంత సంతోషాన్నివ్వలేదు.

"అమ్మా, నేనిక్కడే ఉండిపోతా" అన్నాడు గంగసానితో.

"నువ్వేం పని చేసొచ్చావో నేనడగను. ఆ పని నేర్పినాయన దగ్గరికి పో. చెప్పు, అడుగు, తేల్చుకుని రా. సగం మనిషికి నేను తాడు అప్పజెప్పను" అందామె, నార పేనుతూనే.

అదీ సంగతి. రాజు పని రాజుది. గురువును వెతికి పట్టుకుని సలహా అడగాలి, కుదిరితే పేరు విడిపించుకోవాలి. ఆ పట్టుదలతోనే ఛాయాంకుడు గంప ఎక్కాడు. కంకాళభట్టు వంతెనపనివాళ్ళు కావాలని ఈమధ్యే నాలుగు దిక్కులా దండోరా వేయించడం అతనికి కలిసొచ్చింది.

గంప సరిగ్గా లోయ నడిమికి వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. తల ఎత్తి చూశాడు. రెండు మహాగృధ్రాలు! ఒక్కొక్కదాని రెక్క తెరచాపంత ఉంది. ఒకటి గంపను తన్నింది. రెండోది పైనున్న తాటి మీద వాలి, దాన్ని ముక్కుతో పొడవసాగింది. ఒక పేట పటుక్కున తెగింది.

ఛాయాంకుడు తాళ్ళచుట్ట విప్పి, ఉచ్చు బిగించి విసిరాడు. అది తాటి మీది గద్ద కాలికి తగులుకుంది. రెండో కొసను గంప చెవికి ముడివేశాడు. గద్ద బెదిరి, కీచుమని అరుస్తూ తన గూడున్న కోట బురుజు వైపే ఎగిరింది. దాని వెనక గంప కూడా తాటి మీద సర్రున జారుకుంటూ పోయి, కోట గుమ్మం ముందున్న చావిడి మీద దబ్బున పడింది.

అక్కడ కావలి కాస్తున్న ఘటోదరుడనే రాక్షసుడు బాన పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

"ఓరి నీ ఇల్లు బంగారంగాను! రోజూ మేం చెమటలు కక్కుకుంటూ గంప లాగుతాం. నువ్వు గద్దను కట్టుకుని వచ్చావేంట్రా!"

"ఊరికే పైన తిరుగుతుంటే, కాస్త సాయం పట్టమన్నానయ్యా" అన్నాడు ఛాయాంకుడు, తలగుడ్డ దులుపుకుంటూ.

ఆ మాట రాక్షసుడికి తెగ నచ్చింది. కూలివాణ్ణి చంకనెత్తుకుని నేరుగా కొలువులోకి తీసుకుపోయాడు.

ఆ కొలువు వైభవం ఏమని చెప్పడం! పాము పడగల ఆకారంలో మలచిన స్తంభాలు, పడగ పడగకూ ఒక నీలమణి, పైకప్పు నిండా తలకిందులుగా వేలాడే వెండి గబ్బిలాలు. వెండివే కాని ప్రాణమున్నవి. కోటలో ఎవరు ఏ మూల గుసగుసలాడినా ఆ మాట తెచ్చి మాంత్రికుడి చెవిలో వేస్తాయి. సింహాసనం మీద కంకాళభట్టు. ఎముకలగూడుకు పట్టుపీతాంబరం చుట్టినట్టుంటాడు. అతని ముందు ఒక మూగ నౌకరు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా ఒక వెండిపళ్ళెం పట్టుకున్నాడు. పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో గుమ్మడికాయంత బోదురుకప్ప. దాని పేరు సత్యమండూకం. దాని ఎదుట ఎవడు అబద్ధమాడినా అది బెకబెకమంటుంది. ఆ కూత విన్నవెంటనే ఘటోదరుడు అబద్ధాలకోరును తీసుకెళ్ళి యమగళంలోకి గిరవాటేస్తాడు.

ఛాయాంకుడికి ముందు ఒక బుర్రమీసాలాయన నిలబడి ఉన్నాడు.

"దొరా, నేను సముద్రం మీద వంతెన కట్టినవాణ్ణి!" అన్నాడాయన రొమ్ము విరుచుకుని.

కప్ప బెకబెకమంది. ఆపైన మీసాలాయన కేక లోయలో చాలాసేపు వినిపించింది.

ఛాయాంకుడు మాత్రం కంగారు పడలేదు. ఇలాంటి మాయల ముందు ఎలా మాట్లాడాలో శరభాచార్యులు ఎప్పుడో నేర్పాడు. నేను ఫలానావాణ్ణి అనకూడదు. నేను ఫలానా పని చేశాను అనాలి. చేసిన పని చెబితే అది అబద్ధం కాదు గదా! 'కోయిలవాగు మీద తాడు పేనాను' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవాలని అతను దారంతా వల్లె వేసుకున్నాడు.

"చెప్పేది జాగ్రత్తగా విను" అన్నాడు కంకాళభట్టు. "నా మంత్రబలంతో కొండరాళ్ళలోంచి రాతిభటుల దండును చెక్కించాను. వాళ్ళు ఎగరలేరు, ఈదలేరు. ఆ దండు లోయ దాటిందా, అరుణావతి నా కాలికింద పడ్డట్టే. ఇనపగొలుసులతో వంతెన కట్టు."

"గొలుసులా?" అన్నాడు ఛాయాంకుడు.

"అవును. తిన్నగా బిగించి కట్టు. అంగుళం కూడా వాలకూడదు."

అంతే! ఛాయాంకుడికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు చెప్పారండీ మీకు? బిగించి కడితే బరువు పడగానే గుంజలు ఊడొస్తాయి. వంతెనకు ఒడిలాగా కాస్త వాలు ఉండాలి. గొలుసు తన బరువుకు తానే చస్తుంది. నార కావాలి, మూడుపేటల నార! అదీగాక వానకాలం ఈదురుగాలికి నిలవాలంటే వంతెనను విప్పి చుట్టేసుకోవాలి. అందుకే రెండు సగాలుగా కట్టి నడుమ కొయ్యచీలతో కలుపుతాం. చీల లాగామంటే ఏ ఒడ్డు సగం ఆ ఒడ్డుకు..."

"చాలు చాలు! నాకు తాళ్ళు పేనడం నేర్పుతావా?" అని కసిరాడు మాంత్రికుడు, ఆవలిస్తూ.

"నేర్చుకుంటే నష్టమేముంది? నేను వంతెనలు కట్టేవాణ్ణి. ఈ పనిలో నా మాట వినండి!"

అనేశాక గాని తాను ఏమన్నాడో ఛాయాంకుడికి తెలియలేదు. నేను ఫలానావాణ్ణి! ఏ మాట అనకూడదో ఆ మాటే అన్నాడు. ఏ పసివేగూ చెయ్యని పొరపాటు. కప్ప వైపు చూశాడు.

కప్ప అతని వైపు చూసింది. మెల్లగా కళ్ళు మూసుకుంది. కూయలేదు.

ఆ నిశ్శబ్దంలో పళ్ళెం ఒక్కసారి తొణికి నీళ్ళు నేల మీద ఒలికాయి. ఛాయాంకుడు అప్పుడు చూశాడు మూగ నౌకరు ముసలి మొహంలోకి. గడ్డం నేలకు దిగి, దవడలు పీక్కుపోయి, ఎవరో పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాని నౌకరు పళ్ళెం కింద పెట్టి, ఎడమచేత్తో తన పైపంచె కొస పట్టుకుని ముడివేశాడు. విప్పాడు. మళ్ళీ ముడివేశాడు. శిష్యుడు గట్టి జవాబు చెప్పినప్పుడల్లా శరభాచార్యులు చేసే పని అది.

ఛాయాంకుడికి ప్రాణం లేచొచ్చింది. గురువు బతికే ఉన్నాడు! కప్ప ముందు అబద్ధమాడలేక, నిజం చెప్పలేక, ఇన్నేళ్ళూ నోరు కుట్టేసుకుని మూగవాడిగా బతుకుతున్నాడు.

మర్నాటినుంచి పని మొదలైంది. ఛాయాంకుడు గృధ్రకోట ఖైదీల చేత నార నానబెట్టించాడు, పేనించాడు, పేనింది నచ్చకపోతే విప్పించి మళ్ళీ పేనించాడు. గంగసాని తిట్లన్నీ అతని నోటికి వాటంతటవే వచ్చేవి. ఒక మధ్యాహ్నం మూగ నౌకరు లోయ అంచుకు అంబలికుండ తెచ్చి, కుంటుకుంటూ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. పైన కోటగోడకు వెండిగబ్బిలాలు వేలాడుతున్నాయి. నోరు విప్పితే గోవిందా. కాని వేగులకు వేళ్ళభాష ఉంది.

"మోకాలికి ఏమైంది ఆచార్యా?" అని వేళ్ళతో అడిగాడు ఛాయాంకుడు.

"గోడ దూకాను. అప్పుడు నా వయసు నాకు గుర్తు రాలేదు. నువ్వెందుకొచ్చావు?"

"సలహా అడగడానికి."

ముసలాయన కనుబొమలు లేచాయి. "ఇంత లోయ దాటి?"

ఛాయాంకుడు కోయిలవాగు సంగతంతా చెప్పుకొచ్చాడు. చెబుతుంటే కళ్ళనీళ్ళు తిరిగాయి, వేళ్ళు తడబడ్డాయి. ఆచార్యులు అంబలి పోస్తూ మధ్యమధ్య అడ్డుప్రశ్నలు వేశాడు.

"వేగుపనంటే భయమేస్తోందా?"

"లేదు."

"విసుగా? విసుగొస్తే ఏ పనిలోనైనా వస్తుంది. రేపు నార కంపుకొడుతోందని మరో గురువును వెతుక్కుంటావు."

"విసుగు కూడా కాదు ఆచార్యా. ద్రోహిని పట్టిస్తే రాజ్యానికి మేలే. కాని ఆ మేలు నా చేతికి తెలియదు. వంతెన కడితే చేతికి తెలుస్తుంది."

"నీకు పీఠం ఇస్తామంటున్నారు. నీకంటే మంచి వేగు నాకు దొరకలేదు. ఇంత నేర్చుకుని బూడిదలో పోస్తావా?"

"బూడిదలో ఎందుకు పోస్తాను? చీకట్లో చూడడం, ఓపిక పట్టడం మీరు నేర్పిందే. తాడు దగ్గర అవన్నీ పనికొస్తున్నాయి."

"తర్వాత పశ్చాత్తాపపడితే?"

"పడతాను. పడుతూనే తాడు పేనుకుంటాను."

శరభాచార్యులు నవ్వు ఆపుకోవడానికి అంబలి మింగాడు. అంతలోనే మొహం గట్టిపడింది. "సరే. వేగుల పెద్దగా చెబుతున్నా విను. ఈ వంతెన మీదుగా రాతిదండు మన ఊళ్ళ మీద పడుతుంది. నడుమ ఒక పేట కోసి, లక్క పూసి కప్పెయ్యి. దండు నడిమికి రాగానే తెగి పోతుంది. నీ మొదటి పని ఇదీ."

ఈసారి ఛాయాంకుడి వేళ్ళు ఏ మాత్రం తడబడలేదు.

"నా చేతకాదు. తెగే వంతెన నేను కట్టను."

"రాజ్యం కోసమైనా?"

"రాజ్యాన్ని కాపాడతాను. ఈ వంతెనతోనే కాపాడతాను. కాని దీంట్లో ఒక్క పేట కూడా దొంగది ఉండదు."

గురువు ఆజ్ఞను అతను కాదనడం అదే మొదటిసారి. శరభాచార్యులు ఎడమచేత్తో పైపంచె కొస ముడివేశాడు.

"మరి నన్ను అడగడానికి ఇంత దూరం ఎందుకొచ్చావురా? నీ అంతట నువ్వే తేల్చుకున్నావుగా. నా దగ్గర మిగిలింది నీ పేరొక్కటే. కాని మూగవాడు ఇక్కడ నోరు విప్పితే ఇద్దరం చస్తాం. లోయ దాటాక పిలుస్తాను" అని, కుండ ఎత్తుకుని కుంటుతూ వెళ్ళిపోయాడు.

దూరంగా చావిడి మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్న ఘటోదరుడు ఇదంతా చూశాడు.

వంతెన పూర్తయింది. ఈ కొండ నుంచి ఆ కొండకు, అమ్మ ఒడిలా కాస్త వాలి, గాలికి మెల్లగా ఊగుతూ అది నిలిచింది. ఆనాటి ఉదయం కోట గుమ్మం ముందు రాతిభటులు బారులు తీరారు. నల్లరాతి శిరస్త్రాణాలు, నల్లరాతి డాళ్ళు, కనుపాపలు లేని కళ్ళు. వాళ్ళు కదిలితే నేల తిరగలిలా గర్జించింది. కంకాళభట్టు తన మహాగృధ్రం పక్కన నిలబడి చెయ్యెత్తాడు.

"తొలి బరువు దాటేముందు నేను నడుమ కూర్చోవాలి దొరా. మా ఆచారం" అన్నాడు ఛాయాంకుడు.

అతను వంతెన మీద కాలు పెట్టబోతుండగా ఘటోదరుడు అడ్డొచ్చాడు.

"దొరా, నాదొక మాట. ఆ రోజు ఈ వంతెనోడూ మన మూగోడూ అంబలి తాగుతూ వేళ్ళతో ఏందేందో ఆడుకున్నారు. ఆటేమో అనుకున్నా. కాని ఆటలో ఎవరూ అట్టా కళ్ళనీళ్ళు పెట్టుకోరు."

మాంత్రికుడి కళ్ళు చిన్నవయ్యాయి.

"పళ్ళెం తెండి!"

మూగ నౌకరు పళ్ళెం పట్టుకుని వచ్చి ఛాయాంకుడికి ఎదురుగా నిలబడ్డాడు. కప్ప నీళ్ళలోంచి తల ఎత్తింది.

"ఆ రోజు నీ పని ఏమిటో నువ్వే చెప్పావు" అన్నాడు కంకాళభట్టు. "ఈరోజు నేనొకటి అడుగుతాను. డొంకతిరుగుడు జవాబులు వద్దు. నువ్వు అరుణావతి వేగువా? ఔనో కాదో ఒక్క ముక్కలో చెప్పు."

ఔనంటే లోయ. కాదంటే కప్ప. నోరు మెదపకపోయినా లోయే. గురువు పేరుతో పిలవనంతవరకూ తాను వేగే, వంతెనలు ఎన్ని కట్టినా సరే. ఛాయాంకుడు కొయ్యసుత్తి పిడి మీద చెయ్యి వేశాడు. చచ్చేలోగా నడిమి చీల దాకా పరిగెత్తగలనా అని కళ్ళతోనే దూరం కొలుచుకున్నాడు.

అప్పుడు వినిపించింది. ఏళ్ళ తరబడి తెరవని తలుపు కిర్రుమన్నట్టున్న ఒక గొంతు.

"ఎల్లమందా!"

అక్కడున్నవాళ్ళంతా గిరుక్కున తిరిగారు. రాక్షసుడు నోరు తెరిచాడు. మూగవాడు పిలిచాడు!

ఆ పేరును చివరిసారి తన తల్లి నోట విన్నాడు అతను. సందు చివర నిలబడి, అన్నం చల్లారిపోతోందని కేకేసేది. కళ్ళు చెమర్చాయి. ఒంటిమీదనుంచి ఏదో పెద్ద బరువు జారి పడ్డట్టయింది. ఇకనుంచి మనమూ అతణ్ణి ఆ పేరుతోనే పిలుద్దాం.

"కాదు!" అన్నాడు ఎల్లమంద, మాంత్రికుడి మొహంలోకి సూటిగా చూస్తూ. "నేను వేగును కాను. వంతెనలు కట్టేవాణ్ణి."

కప్ప రెప్పలు ఆర్పింది. గాలిలో పోయే ఈగను నాలుకతో అందుకుని మింగింది. కూయలేదు.

కంకాళభట్టు కప్పను చూశాడు, మూగవాణ్ణి చూశాడు, మళ్ళీ కప్పను చూశాడు. ఆ రోజువరకూ అతనికి తన కప్ప మీద అనుమానం కలగలేదు.

"అయితే... నువ్వెవడివి?" అన్నాడు ముసలాయనతో.

"అరుణావతి వేగుల పెద్దను" అన్నాడు శరభాచార్యులు, ఒక్కొక్క మాటా నమిలి రుచి చూస్తున్నట్టు. "ఇన్నేళ్ళూ నీ ఉప్పు తిన్నాను, నీ కోట గుట్టంతా కడుపులో పెట్టుకున్నాను, నీ కప్పకు మేత కూడా నేనే వేశాను. అడుగు, ఇంకా ఏమైనా అడుగు. మాట్లాడి చాలా రోజులైంది."

కప్ప కూయలేదు.

"పట్టుకోండి!" అని మాంత్రికుడు అరిచేలోగా, ముసలాయన పళ్ళెం ఎత్తి, కప్పతో సహా అతని మొహాన కొట్టాడు. ఎల్లమంద ఘటోదరుడి కాళ్ళ మధ్య నుంచి దూరి, గురువును భుజాన వేసుకుని వంతెన మీదికి ఉరికాడు. వెనక రాతిభటులు కదిలారు. వంతెన ఒక్కసారి మూలిగింది.

"ఆగుతుందా రా ఇది?" అన్నాడు శరభాచార్యులు శిష్యుడి భుజం మీద తలకిందులుగా.

"నేను కట్టానండీ!" అన్నాడు ఎల్లమంద రొప్పుతూ.

నట్టనడిమికి వచ్చి గురువును దించాడు. కాళ్ళ దగ్గర, రెండు సగాలను కలిపే కొయ్యచీల మనిషి చెయ్యంత లావున మెరుస్తోంది.

"ఇక మీరు నడవాలి ఆచార్యా. చీల లాగేవాడు ఇక్కడ ఉండాలి. ఈ వంతెనకు తొలి బరువు మీరే. కట్టినవాడు నడుమ కూర్చుంటాడు."

"నా మోకాలు..."

"తెలుసు. తాడు పట్టుకుని నడవండి. అటు సగం మీద మీరుండగా లాగానంటే మీ చేతులకు పట్టు ఆగదు. ఒడ్డెక్కాక పిలవండి, లాగుతాను."

ముసలాయన తాడు పట్టుకుని, కుంటుతూ తూర్పుకు సాగాడు. ఎల్లమంద తూర్పు సగం మీద కూర్చుని, ఒక చేతికి తాడు చుట్టుకుని, చెవిని తాటికి ఆనించాడు. తాడు మాట్లాడింది. తూర్పున ఒక మెత్తని అడుగు, ఒక ఈడ్పు. పడమట బండలు దొర్లుతున్న చప్పుడు, దగ్గరకొస్తూ, ఇంకా దగ్గరకొస్తూ. అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చెయ్యి తొందరపడుతుందని అతనికి తెలుసు.

కుంటి అడుగు ఆగిపోయింది.

ఒడ్డెక్కాడా? పడిపోయాడా? తాడు చెప్పలేదు. మొదటి రాతిభటుడి నీడ అతని మీద పడింది. రాతి గద ఆకాశంలోకి లేచింది. ఎల్లమంద చీల పట్టుకున్నాడు, లాగలేదు. లాగకూడదు. గద కిందికి దిగింది. అతను పక్కకు ఒరిగాడు. చెవి పక్కనే నడకపలక ఒకటి తునాతునకలైంది. గద మళ్ళీ లేచింది.

"ఎల్లమందా!"

తూర్పు కొండ మీదినుంచి! అతను రెండు చేతులా చీల లాగాడు. కదల్లేదు. ఇంత రాతిబరువు కింద అది బిగుసుకుపోయింది. నడుముకున్న కొయ్యసుత్తి లాగి, గంగసాని నేర్పినట్టు కింది నుంచి పైకి ఒకే ఒక్క దెబ్బ వేశాడు. చీల బాణంలా ఎగిరిపోయింది.

వంతెన రెండైంది. పడమటి సగం రాతిదండుతో సహా కోట కొండ మీదికి వాలి, బండలకు బండలు తగిలి, పిడుగులు పడ్డట్టు లోయలోకి జారింది. తూర్పు సగం ఎల్లమందను మోసుకుంటూ గాలిలో పెద్ద ఊపు ఊగింది. కొండగోడ మీద మీదికొచ్చింది. కాళ్ళు చాపి తన్ని ఆపుకున్నాడు. దెబ్బకు కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా ముందుగా చేసిన పని, తాడును తడిమి చూసుకోవడం. ఒక్క పేట కూడా తెగలేదు.

అంతలో లోయ అవతలినుంచి రెక్కల చప్పుడు వినిపించింది. తడిసిన పీతాంబరంతో, నెత్తిన నాచుతో, కంకాళభట్టు మహాగృధ్రం ఎక్కి గగనంలోకి లేచాడు. అతను ఎల్లమంద వైపు చూడనైనా చూడలేదు. తూర్పు కొండ మీద, నడవలేని మోకాలితో ఒంటరిగా నిలబడ్డ ముసలాయన మీదికి గద్దను మళ్ళించాడు.

"ఆచార్యా, గుంజ వెనక దాక్కోండి!" అని ఎల్లమంద లోయ దద్దరిల్లేలా అరిచాడు. ఇప్పుడు అతను గొంతు దాచుకోనక్కర్లేదు. నిలువునా వేలాడుతున్న వంతెన అతనికి నిచ్చెనైంది. కొయ్యసుత్తి పళ్ళ మధ్య బిగించి, తన చేత్తో కట్టిన పలకలను ఒక్కొక్కటే పట్టుకుంటూ పైకి ఎక్కసాగాడు.